పశువుల దొడ్డికి డాక్టరును పెట్టుకునే ముందు

పర్లాకిమిడి, ఒడిశా

అమ్మాయీ, ఆశీస్సులు.

మీ మునిసిపాలిటీ జంతువుల షెల్టరుకు సొంత పశువుల డాక్టరును తీసుకుంటారట, సంతోషం. ఎలాంటి మనిషిని తీసుకోవాలో రాయమన్నావు. మనిషి సంగతి తర్వాత, ముందు నా తప్పు ఒకటి విను.

ఉద్యోగంలో ఉండగా ఒక ఊళ్లో ఆసుపత్రితో పాటు అక్కడి షెల్టరు కూడా నా నెత్తినే పెట్టారు. మంగళవారం, శుక్రవారం వెళ్లి చూసి రావాలి. ఒక శనివారం ఎవరో కుక్కపిల్లను గేటు దగ్గర వదిలి పోయారు. కాపలావాడు జాలిపడి దాన్ని మిగతా పిల్లల్లో కలిపాడు. మంగళవారం నేను వెళ్లేసరికి అదొక్కటే వాంతులు చేసుకుంటోంది. పార్వో, కుక్కపిల్లల్ని చంపే వైరస్ జబ్బు. శుక్రవారానికి తొమ్మిది పిల్లలూ పడకేశాయి, రెండే బతికాయి. ఊడ్చే ఆమె పాపం రోజూ ఫినాయిలు పోసి కడుగుతూనే ఉంది. ఫినాయిలుకు పార్వో చావదు, బ్లీచింగు కావాలి. ఆ మాట చెప్పాల్సిన శనివారం నేను అక్కడ లేను.

ఆపరేషన్లు చెయ్యడానికే డాక్టరని మీ కౌన్సిలర్లు అనుకుంటారు. రోజూ పొద్దున్నే గదిగదికీ తిరిగి ఏది తిండి ముట్టలేదో, ఏ ఆవుకు ఎడమ డొక్క ఉబ్బిందో చూసే మనిషి కోసం వెతకండి. కొత్తగా వచ్చినవాటికి వేరే గది, ఆ గదికి వేరే చీపురు, వేరే బక్కెట్టు అని మొదటి రోజే అడిగితే వాళ్లనే తీసుకోండి.

ప్రకటన ఒడియా పేపర్లలో వేసి ఊరుకోవద్దు. ఆంధ్రాలోని గరివిడి పశువైద్య కళాశాల మనకు దగ్గరే, అక్కడికీ ఒక కాగితం పంపండి. ఆంధ్రాలో రిజిస్టరైన వాళ్లయితే ఒడిశా పశువైద్య మండలిలో రిజిస్ట్రేషను సంగతి చేరకముందే తేల్చుకోండి. మన తెలుగు ఒక్కటే వస్తే సరిపోదు. కుక్కల్ని పట్టే కుర్రాళ్లలో సవర భాష మాట్లాడే సవరవాళ్లు ఉంటారు, ఆడిట్ అంతా ఒడియాలో సాగుతుంది.

పదకొండు నెలల కాంట్రాక్టు ఇచ్చి పదేళ్లు ఉండమంటే ఎవరుంటారు? సర్కారు ఉద్యోగాలకు ఓ.పి.ఎస్.సి. (ఒడిశా పబ్లిక్ సర్వీస్ కమిషన్) నోటిఫికేషను పడగానే వెళ్లిపోతారు. ఆ వయసులో నేనైనా అంతే. కోపం తెచ్చుకోకుండా, ప్రతి జంతువుకూ కేసు షీటు ఉండేలా చూసుకో. తర్వాత వచ్చే డాక్టరుకు అదే ఆధారం. షెల్టరు పక్కనే నీళ్లొచ్చే క్వార్టరు ఒకటి ఇస్తే మనిషి ఇంకో ఏడాది నిలుస్తాడు.

అసలు గొడవ కుక్కల దగ్గర వస్తుంది. ‘మా వీధి కుక్కను తీసుకుపోండి, మళ్లీ తేవద్దు’ అని ఫోన్లు మొదలవుతాయి. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం ఆపరేషను, టీకా అయ్యాక పట్టిన చోటే వదలాలి. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలో పట్టినవాటిని మాత్రం తిరిగి అక్కడ వదలొద్దని 2025 నవంబరులో సుప్రీంకోర్టు అంది. అంటే అవి మీ దగ్గరే ఉండిపోతాయి, గదులు నిండుతాయి. ఇవాళ చోటు లేదని డాక్టరు అంటే ఛైర్మన్ చెప్పినా గేటు తెరుచుకోకూడదు. ఆ అధికారం తీర్మానంలోనే రాయించు. నోటిమాటగా వదిలితే మొదటి ఫోనుకే ఎగిరిపోతుంది.

పనివాళ్లందరికీ, కాపలావాడితో సహా, కరవకముందే రేబిస్ టీకాలు వేయించు. టీకాల ఫ్రిజ్‌కు ఇన్వర్టరు ఉండాలి, మన కరెంటు సంగతి నీకు తెలుసుగా. ఆపరేషనుకు ఇచ్చే మత్తుమందు కెటమిన్, గట్టి నిఘా ఉండే షెడ్యూల్ ఎక్స్ మందు. దానికి తాళం, రిజిస్టరు తప్పవు, తాళంచెవి డాక్టరు దగ్గరే ఉండాలి. నొప్పులకు డైక్లోఫెనాక్ ఎవరైనా తెస్తే వెనక్కి పంపించు. ఆ మందేసిన పశువు కళేబరం తిన్న రాబందులు చస్తున్నాయని పశువులకు దాన్ని 2006లోనే ఆపేశారు. మెలాక్సికామ్ చాలు.

జీతం ఎంతని రాయలేదు నువ్వు. అది తక్కువైతే పైదంతా దండగే, ముందు అదే తేల్చు. ఇంటర్వ్యూ రోజు ఖాయం కాగానే ఫోన్ చెయ్యి, గుణుపురం రైలెక్కి వస్తాను. వచ్చినవాళ్లని గదిలో కూర్చోబెట్టి అడగొద్దు, దొడ్డిలోకి తీసుకెళదాం.

మీ పెదనాన్న