సున్నా రాసే చెయ్యి

అమ్మాయీ,

అన్నా మణి గారి మీద నువ్వు రాసిన పుస్తకం ప్రతి అందింది. రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను కాబట్టి అంచులన్నీ నల్లబడ్డాయి, నొచ్చుకోకు. వాతావరణ శాఖలో జీవితమంతా పనిచేసిన మనిషి గురించి తెలుగులో రాయాలని ఒక చిన్నపిల్లకు తోచినందుకు నాకు కలిగిన సంతోషమే ఈ ఉత్తరాన్ని ఇంత పొడుగు చేసింది.

ముందు చెవిదిద్దుల సంగతి. ఎనిమిదో పుట్టినరోజుకు ఇంట్లోవాళ్లు వజ్రాల దిద్దులు ఇవ్వబోతే వద్దని ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా అడిగిన కేరళలోని పీరుమేడు పిల్ల, పెరిగి పెద్దయ్యాక బెంగళూరులో సి.వి. రామన్ దగ్గర వజ్రాల మీదే పరిశోధన చేసింది. ఈ పోలిక దొరికితే ఎవరి చెయ్యీ ఊరుకోదు. ఆవిడ గురించి రాసేవాళ్లంతా అక్కడే ఆగిపోతారు. దానికి రెండు వాక్యాలు చాలు, నువ్వు రెండు పేజీలు ఇచ్చావు. ఎమ్మెస్సీ లేదని మద్రాసు విశ్వవిద్యాలయం ఆవిడకు పీహెచ్‌డీ ఇవ్వని సంగతికి మరో రెండు పేజీలు. నీ కోపం న్యాయమైనదే. కానీ ఆవిడే ఆ పట్టాను పట్టించుకోకుండా ముందుకు వెళ్లిపోయారు. నువ్వు కూడా ఆవిడ వెంట నడవాలి కదా.

ఇక 1948 నుంచి 1976 దాకా చేసిన ఇరవై ఎనిమిదేళ్ల కొలువుకు మిగిలింది ఒకే ఒక్క పేరా. 'వివిధ హోదాల్లో విశిష్ట సేవలందించారు' అన్నావు. ఆ వాక్యం ఎవరి పేరుకైనా అతుకుతుంది కాబట్టే కొట్టేశాను. నీ పుస్తకమంతా ఆ పేరాలో మూటకట్టి ఉంది. విప్పు.

ఆవిడ పుణెలో చేరేనాటికి వానమాపకం, థర్మామీటరు లాంటివి కూడా మనం బ్రిటన్ నుంచి తెప్పించుకునేవాళ్లం. దాదాపు 100 పరికరాలకు ప్రామాణిక నమూనాలు గీయించి, వాటిని ఇక్కడే తయారు చేయించే పని ఆవిడ నెత్తినెత్తుకున్నారు. 1953 నాటికి 121 మంది మగవాళ్లు ఆవిడ కింద పనిచేసేవారు. ఆ అంకె పక్కన నువ్వు 'స్త్రీశక్తి' అని చేర్చావు. ఆ అంకె తనంతట తనే మాట్లాడుతుంది, నీ మాట అక్కర్లేదు. నాకు కావలసింది వేరు: ఆ పరికరాలతో పొద్దుటినుంచి సాయంత్రందాకా ఏం చేసేవారు?

సరిచూసేవారు. అక్కడివాళ్లు క్యాలిబ్రేషన్ అంటారు. కొత్త పరికరాన్ని ప్రామాణిక పరికరం పక్కన పెట్టి, రెంటికీ ఎంత తేడా ఉందో రాసుకోవడం. మళ్లీ ఇంకోటి. మళ్లీ ఇంకోటి. చదివేవాడికి విసుగొస్తుందని నువ్వు దీన్ని దాటేశావు. దీని వెనక ఏముందో చూపిస్తే విసుగు రాదు. బందరులో గాలి ఒత్తిడి కొలిచే బారోమీటరు ఒక్క మిల్లీబారు తప్పు చూపిందనుకో. ఢిల్లీలో చార్టు మీద ఒత్తిడి సమానంగా ఉన్న చోట్లను కలుపుతూ గీసే గీత పక్కకు జరుగుతుంది. గీత జరిగితే అల్పపీడనం లేనిచోట ఉన్నట్టు కనిపిస్తుంది. పడవ వేసుకుని వెళ్లినవాడి ప్రాణం ఆ గీత మీద ఉంటుంది. ఇంత మాత్రం చెప్పు, పాఠకుడు ఆ వర్క్‌షాపులోంచి కదలడు.

నా తప్పు కూడా ఒకటి చెబుతాను. పత్రికలో కొత్తగా చేరిన రోజుల్లో ఓ పెద్ద వాన గురించి రాస్తూ, పంతొమ్మిదో తేదీ రాత్రి కురిసింది కాబట్టి లెక్క కూడా పంతొమ్మిదిదే అని వేసేశాను. పక్కవారం వాన కొలిచే కేంద్రంలో పనిచేసి రిటైరైన ఓ అబ్జర్వరు గొడుగు పట్టుకుని ఇంటికి వచ్చారు. 'వాన నిన్న రాత్రిదే బాబూ, లెక్క మాత్రం ఇవాళ్టిది' అన్నారు. పొద్దున్న ఎనిమిదిన్నరకు కొలిచి, గడిచిన ఇరవై నాలుగు గంటల వానను ఆ రోజు తేదీ కిందే రాస్తారు. నేను తిరగేసింది ఒక తేదీని. ఆయనకు అది ముప్పై ఏళ్ల రిజిస్టరును తప్పుపట్టినట్టు అనిపించింది. ఆ రోజు నుంచి కొలిచేవాళ్ల మాటలు నేర్చుకోకుండా వాళ్ల గురించి రాయలేదు. నువ్వు వాయుగుండం, తుపాను అనే మాటల్ని ఒకదాని బదులు ఒకటి వాడేశావు. గాలి గంటకు 62 కిలోమీటర్లకు చేరితేనే తుపాను. అంతకు లోపల వాయుగుండం, తీవ్ర వాయుగుండం. 'కడలి కన్నెర్ర', 'ప్రకృతి ప్రకోపం' లాంటివన్నీ తీసేశాను. కొలిచే మనిషి కథలో కొలవలేని మాటలు నిలబడవు.

దివిసీమ ఉప్పెనను ఎందుకు తెచ్చావో అర్థమైంది. 1977 నవంబరు 19 తలుచుకోకుండా మనవాళ్లెవరూ తుపాను గురించి మాట్లాడలేరు. కానీ అన్నా మణి గారు 1976లోనే రిటైరయ్యారు. ఆవిడ లేనిచోట ఆవిడను నిలబెట్టకు. తెలుగు పాఠకుడికి దారి కావాలంటే ఇంకోటుంది. ఆవిడ ఢిల్లీలో డిప్యూటీ డైరెక్టర్ జనరల్‌గా ఉన్న రోజుల్లో కొంతకాలం శాఖకు పెద్ద మన పంచేటి కోటేశ్వరం గారు. నైరుతి రుతుపవనాల వేళ మన నెత్తిన చాలా ఎత్తులో తూర్పు నుంచి పరుగెత్తే బలమైన గాలిని, అంటే జెట్ ప్రవాహాన్ని, లోకానికి వివరించిన మనిషి. ఆ పేరు మన పిల్లలకు తెలియకపోవడం నాకు నిజంగా బాధ.

చివరి అధ్యాయంలో 'విశ్రాంత జీవితంలో పర్యావరణం వైపు మళ్లారు' అన్నావు. మళ్లలేదమ్మా, అదే పని కొనసాగింది. శాఖలో ఉండగానే బెలూనుకు కట్టి పైకి పంపి ఓజోనును కొలిచే పరికరాన్ని ఇక్కడ తయారు చేయించారు. 1957-58 అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరంలో దేశమంతటా సూర్యవికిరణాన్ని కొలిచే కేంద్రాల వరుస నిలబెట్టారు. సరిగ్గా ఆ రోజుల్లోనే అంటార్కిటికాలోని హాలీ బే దగ్గర బ్రిటిష్‌వాళ్లు ఓజోను కొలవడం మొదలుపెట్టారు. ఏళ్ల తరబడి ఏ విశేషమూ లేని అంకెలు. అవి ఉండబట్టే తర్వాత ఓజోను తరుగుతోందని పట్టుకోగలిగారు. 1985లో బ్రిటిష్ శాస్త్రవేత్త ఫార్మన్, ఆయన సహచరులు ఆ సంగతి ప్రకటించారు. 1987లో ఓజోనును తినేసే రసాయనాలకు కళ్లెం వేసే మాంట్రియల్ ఒప్పందం వచ్చింది. మొదటి పదేళ్ల అంకెలు ఎవరైనా బద్ధకించి వదిలేసి ఉంటే, తరిగింది అని దేంతో పోల్చి చెప్పేవారు? ఈ ప్రశ్న దగ్గర నువ్వు ఆగాలి. నాలుగు పేజీలైనా రాయి, నేను ఒక్క అక్షరం కొట్టను.

1980, 1981లో ఆవిడ తెచ్చిన సౌర వికిరణ గ్రంథాలు, తర్వాత వందల చోట్ల గాలి వేగం కొలిపించిన పని, ఇవన్నీ దాని కొనసాగింపే. అనంతపురం వైపు వెళ్లినప్పుడు రామగిరి కొండల మీద గాలిమరలు చూసే ఉంటావు. అలాంటిది ఒకటి నిలబెట్టాలంటే ముందు అక్కడ గాలిని ఏడాది పొడవునా ఎవరో కొలిచి ఉండాలి.

ఇప్పుడు ఒక పని చెయ్యి. మీ ఊరికి దగ్గర్లో ఏ అబ్జర్వేటరీ ఉందో కనుక్కుని, అనుమతి తీసుకుని, ఎనిమిదింబావుకల్లా అక్కడ ఉండు. తెల్లరంగు వేసిన స్టీవెన్సన్ పెట్టె తలుపు తీసి థర్మామీటర్లు ఎలా చదువుతారో చూడు. కొలజాడీని కంటి ఎత్తుకు తెచ్చుకుని నీటిమట్టం ఎక్కడ చదువుతారో చూడు. వాన పడని రోజు చూసుకుని వెళ్లు. ఆ రోజు కూడా వానమాపకం తెరిచి, లోపల చూసి, రిజిస్టరులో సున్నా రాస్తారు. ఆ సున్నా రాసే మనిషితో కాసేపు కూర్చుని వచ్చి, మొదటి అధ్యాయం మళ్లీ మొదలుపెట్టు.

సంక్రాంతికి వస్తావుగా, ప్రతి పట్టుకురా. పెన్సిలు చెక్కి ఉంచుతాను.

ఆశీస్సులతో,
మాస్టారు