నీళ్లలో నడవబోయే చెల్లెలికి

నల్లగొండ

చిరంజీవి చెల్లెలికి అక్క ఆశీర్వదించి రాయునది.

డాక్టరు గారు రోజూ నడవమన్నారనీ, మోకాళ్ల వల్ల వీధి చివరి దాకా కూడా పోలేకపోతున్నావనీ, మొన్న బీపీ 150/94 వచ్చిందనీ కోడలు ఫోనులో చెప్పింది. మనం బావి నీళ్లు, బోరు నీళ్లు తాగి పెరిగినవాళ్లం; వాటిలోని ఫ్లోరైడు మన తరం కీళ్లను ఎట్లా బిగదీసిందో నీకు వేరే చెప్పనక్కర లేదు. అందుకే నేను రెండేళ్లుగా ఈత కొలనులో (స్విమ్మింగ్ పూల్‌లో) చేస్తున్న నీటి వ్యాయామం గురించి రాస్తున్నాను. ఇది మాత్రలకు తోడే గాని బదులు కాదు. డాక్టరు గారిని అడిగిన తరువాతే మొదలుపెట్టు. గుండె జబ్బు గాని, నడిస్తే ఆయాసం గాని ఉంటే ఆ సంగతి ఆయనకు దాచకుండా చెప్పు.

ఈత రానక్కర లేదు. రొమ్ముల దాకా నీళ్లున్న చోట నిలబడితే మన బరువులో సగానికి మించి నీరే మోస్తుంది కనుక, నేల మీద నాలుగడుగులకే మొరాయించే మోకాలు అక్కడ అరగంట నడవనిస్తుంది. అదే సమయంలో నీటి ఒత్తిడి కాళ్లను నలువైపులా అదిమి అక్కడి రక్తాన్ని పైకి, ఛాతీలోకి నెడుతుంది. రక్తం ఎక్కువైందనుకున్న గుండె, ఉప్పునూ నీటినీ బయటికి పంపమని మూత్రపిండాలకు కబురు పెడుతుంది. కాసేపటికే ఒంటికి పోవాలనిపించేది అందుకే, సిగ్గుపడి బిగపట్టుకోకు. చెమట కనబడదు గాని దాహం ఉంటుంది, సీసాలో నీళ్లు తీసుకుపో.

మూడో రోజు నేను చేసిన పొరపాటు నీవు చేయవద్దు. గట్టు మీద ఫోను మోగుతుంటే గబగబా మెట్లెక్కాను. నీటి ఒత్తిడి తొలగగానే రక్తం మళ్లీ కాళ్లలోకి జారింది, దానికి తోడు పొద్దున వేసుకున్న బీపీ మాత్ర పని చేస్తూనే ఉంది. రెండో మెట్టు మీద కళ్లు చీకట్లు కమ్మి, తడి కమ్మీని రెండు చేతులా పట్టుకుని అక్కడే కూలబడ్డాను. అప్పటి నుంచి చివరి పది నిమిషాలు నెమ్మదిగా నడిచి, నడుము లోతుకు వచ్చి రెండు నిమిషాలు ఆగి, ఒక్కో మెట్టూ ఎక్కి, గట్టు మీద కొంతసేపు కూర్చున్నాకే లేస్తున్నాను. దిగేటప్పుడు ఎంత నిదానమో, ఎక్కేటప్పుడు అంతకు రెట్టింపు నిదానం ఉండాలి.

మొదటి వారం పది నిమిషాలు చాలు. గోడ పట్టుకుని ముందుకు, పక్కకు, వెనక్కు నడువు; తరువాత అరచేతులు తెరిచి నీటిని నెట్టు. ఊపిరి బిగపట్టకు, బిగపడితే బీపీ ఎక్కుతుంది. పక్కనున్న ఆమెతో మాట్లాడగలిగేటంత వేగమే నీ వేగం. నీవు వేసుకునే బీపీ మాత్ర అటెనొలాల్ గుండె వేగాన్ని అణచి ఉంచుతుంది కనుక నాడి లెక్కను నమ్ముకోకు. క్రమంగా వారానికి మూడు రోజులు, అరగంట చొప్పున చేయవచ్చు. బీపీలో పై అంకె దిగడానికి వారాలు పడుతుంది, మానేస్తే మళ్లీ ఎక్కుతుంది.

చీర మాత్రం వద్దు. తడిసిన కుచ్చిళ్లు కాళ్లకు చుట్టుకుంటాయి. నైలాను పైజామా, పొడుగు చొక్కా మేలు. ఆడవాళ్లకు వేరే సమయం కేటాయించిన కొలనునే చూసుకో. చల్లటి నీరు రక్తనాళాలను ముడుచుకునేట్టు చేసి బీపీని పెంచుతుంది కాబట్టి చలికాలంలో ఎండ బాగా ఎక్కాకే పో. నడుముకు బెండ్లు కట్టుకుని బావిలో దూకిన రోజులు గుర్తొచ్చి, మీ మిర్యాలగూడ వైపు సాగర్ కాలువలో దిగుదామనుకునేవు సుమా! పారే నీటికి మన వయసు తెలియదు.

వెళ్లే ముందు అయిదు నిమిషాలు కదలకుండా కూర్చుని, చేయి గుండె ఎత్తున బల్ల మీద ఉంచి బీపీ చూసుకో. పై అంకె 180 గాని, కింది అంకె 110 గాని చేరితే ఆ రోజు నీళ్లలో దిగకుండా డాక్టరు గారికి ఫోను చేయాలి. ఛాతీలో నొప్పి, తల తిరుగుడు అనిపిస్తే వెంటనే ఆపి మనిషిని పిలువు. అంకెలన్నీ తేదీ వేసి నోటు పుస్తకంలో రాసి పెట్టు, వచ్చే నెల మీ ఇంటికి వచ్చినప్పుడు చూస్తాను.

ఇట్లు,
మీ అక్క