ప్రకృతి వైద్యులకు ప్రభుత్వ లైసెన్సు ఉండాలా?

ఉండాలనే అంటాను. ఆయుర్వేదం, యునాని, సిద్ధ వైద్యాలకు 2020లో జాతీయ కమిషన్ చట్టం వచ్చింది, హోమియోకి అదే ఏడాది ఇంకో చట్టం. ప్రకృతి వైద్యం ఆ రెండింట్లోనూ లేదు. దాంతో అయిదున్నరేళ్లు బీఎన్‌వైఎస్ (ప్రకృతి వైద్యం, యోగా డిగ్రీ) చదివినవాళ్లూ, వారం రోజుల కోర్సు సర్టిఫికెట్ గోడకి తగిలించినవాళ్లూ జనానికి ఒకేలా కనిపిస్తారు. గాజువాకలో మా పక్కింటాయన ఈ రెండోరకం మనిషి మాట నమ్మి షుగర్ మాత్రలు మానేశారు. చివరికి ఆసుపత్రిలో చేరాల్సి వచ్చింది. షుగర్ నయం చేస్తామని ప్రకటనలివ్వడం మందుల ప్రకటనలపై ఉన్న 1954 చట్టం ప్రకారం నేరమే, అయినా కరపత్రాలు ఆగవు!

బీచ్ రోడ్డులో పొద్దున్నే రాగిజావ, కాకరరసం అమ్మేవాళ్లకు వైద్య లైసెన్సు అక్కర్లేదు. రోగం పేరు చెప్పి, మందులు మానమని సలహా ఇచ్చేవాళ్లకు మాత్రం కావాలి.