మీ అమ్మ మాగాయ గురించి

చిరంజీవి బుజ్జికి,

పెద్దమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నాం. మొన్న ఫోన్‌లో నువ్వు ఏడుస్తుంటే ఏం చెప్పాలో నాకు తోచలేదు. అందుకే రాస్తున్నాను.

"అమ్మ నోట్‌బుక్‌లో ఉన్నట్టే మాగాయ చేశాను పెద్దమ్మా, ఉప్పు కషాయమైపోయింది" అన్నావు. అందులో నీ తప్పేం లేదమ్మా. మీ అమ్మ "ఉప్పు సోలెడు" అని రాసుకుంది. ఆ కొలత గిన్నె, ఆ సోలా నీ దగ్గర లేదు, ఆ ఉప్పూ లేదు. మీ అమ్మ కల్లుప్పు ఎండబెట్టి, కచ్చాపచ్చాగా దంచి కొలిచేది. నువ్వు ప్యాకెట్ ఉప్పు పోశావు. సన్న ఉప్పు అదే గిన్నెలో ఎక్కువ పడుతుంది, అందుకే ఉప్పెక్కువైంది.

4 గిద్దలు ఒక సోల, 2 సోలలు ఒక తవ్వ, 2 తవ్వలు ఒక మానిక. ఇదీ మా చిన్నప్పటి లెక్క. అయితే ఒక ఊరి సోల ఇంకో ఊరి సోలంత ఉండేది కాదు. 1956లో మెట్రిక్ కొలతల చట్టం వచ్చి, తర్వాత కొట్లలో కిలోలూ లీటర్లూ మొదలైనా, మన వంటింట్లో మాత్రం సోలే నడిచింది. కాబట్టి పాత వంట ఏది చేయాలన్నా ముందు ఆ ఇంటి కొలత గిన్నె వెతుకు. దొరికితే నిండా నీళ్ళు పోసి, గిన్నె బరువు తీసేసి తూచు. ఎన్ని గ్రాములుంటే అన్ని మిల్లీలీటర్లు. తర్వాత అదే గిన్నెతో ఉప్పు, కారం, మెంతిపిండి విడివిడిగా తూచి, అమ్మ రాసిన వరుస పక్కనే పెన్సిల్‌తో రాసుకో. అమ్మ అక్షరాలు మాత్రం కొట్టేయకు.

ఇంకో సంగతి. నోట్‌బుక్‌లో వెల్లుల్లి ఉందని నాకు చదివి వినిపించావు గుర్తుందా? మన కోనసీమ ఇంట్లో మాగాయకి వెల్లుల్లి వేసే అలవాటే లేదు. మీ అమ్మమ్మ ఇంగువ పోపు తప్ప ఇంకేదీ వేయనిచ్చేది కాదు. ఆ వెల్లుల్లి మీ నానమ్మది. పెళ్ళయి తెనాలి వెళ్ళాక మీ అమ్మ ఆవిడ దగ్గర నేర్చుకుంది. నువ్వు పుట్టకముందే పోయిన మనిషి కదా, ఫొటో తప్ప ఏమీ తెలియదని నువ్వెప్పుడూ అంటావు. చిన్నప్పటి నుంచీ ఆవిడ చేతి రుచి తింటూనే పెరిగావు తల్లీ.

అందుకే మీ మేనత్తకి ఫోన్ చెయ్యి. ఆవిడకి ఎనభై దాటాయి, వాయిదా వేయకు. "ఎంత వేస్తారు?" అని మొదలుపెట్టకు, "చూసి వేసుకోవడమే" అనేస్తారు. "ఎవరు నేర్పారు? కాయ ఎక్కడి నుంచి వచ్చేది? ఎవరు తరిగేవారు? ఎండలో కాకుల్ని తోలే పని ఎవరిది?" అని అడుగు. మనుషుల గురించి మొదలుపెడితే కొలతలు వాటంతటవే బయటికొస్తాయి. ఆవిడ మాటల్ని ఆవిడ చెప్పినట్టే రాసుకో, ఫోన్‌లో రికార్డు చేసుకో. నేను చెప్పిందీ ఆవిడ చెప్పిందీ కలవకపోతే రెండూ ఉంచు.

చేసేటప్పుడు మొదట రెండు కాయలతోనే చెయ్యి. కొత్తపల్లి కొబ్బరి మామిడి దొరికితే మంచిది, లేదంటే పుల్లగా, గట్టిగా ఉన్న కాయ ఏదైనా పర్లేదు. చెక్కు తీసి, ముక్కలు తరిగి, ఉప్పూ పసుపూ కలిపి మూడు రోజులు జాడీలో ఉంచు. తర్వాత ముక్కలు పిండి ఎండబెట్టు, ఊట కూడా ఎండలో పెట్టాలి. నువ్వు ఊట పారబోశానన్నావు చూడు, అక్కడే ప్రాణం పోయింది. పులుపంతా అందులోనే ఉంటుంది. ముక్క అంచులు ఎండాలి గానీ వంచితే విరగకూడదు. అప్పుడు ఊటలో వేసి కారం, మెంతిపిండి కలుపు. నువ్వులనూనెలో ఇంగువ పోపు పెట్టి, పూర్తిగా చల్లారాకే అందులో కలుపు. మెంతులు దోరగా వేగాలి, మాడితే చేదు. మీ అమ్మ అది వాసనతోనే పసిగట్టేది, నూనె దగ్గర నిలబడి కళ్ళు మూసుకునేది. ఇది రాస్తుంటే కూడా మీ అమ్మ నా ఎదురుగా నిలబడినట్టే ఉంది.

మీ అమ్మ ఇత్తడి సోల నా దగ్గరే ఉంది బుజ్జీ. చెల్లెలి గుర్తుగా దాచుకున్నాను, ఇక నీ దగ్గర ఉండాల్సింది. అపార్ట్‌మెంట్ బాల్కనీలో నీకు పొద్దుటి ఎండే కదా వచ్చేది, ఏప్రిల్‌లో నాలుగు రోజులు సెలవు పెట్టి ఇక్కడికే రా. డాబా మీద పాత చీర పరుస్తాను. ముక్కలు ఇద్దరం కలిసి తరుగుదాం.

నీ పెద్దమ్మ