సీషెల్స్‌లో డబ్బులిచ్చి చంపించిన గూబ మా గానుగ కొట్టంలో ఉంది, ఉండనివ్వాలా?

ప్రశ్న: మా చెరుకు తోట పక్కన పాడుబడ్డ బెల్లం గానుగ కొట్టంలో తెల్ల గుడ్లగూబల జంట చేరింది. పిల్లలు కూడా ఉన్నాయి, రాత్రంతా బుసకొట్టినట్టు అరుస్తాయి. అత్తమ్మ అపశకునం, తరిమేయమంటుంది. మా ఆయన ఎలుకలు తగ్గాయి, ఉండనీ అంటాడు. సీషెల్స్ దీవుల్లో మేస్త్రీ పనికి పోయిన తమ్ముడేమో, 'అక్కా, ఇక్కడ వీటిని చంపితే గవర్నమెంటు డబ్బులిచ్చేదంట, పిట్టల్ని తినేస్తాయంట' అన్నాడు. ఇక్కడ ఎలుకల్ని తినే గూబ అక్కడ పిట్టల్ని తినడమేంది? మా కోళ్ల గురించి టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, ఐరాల మండలం

జవాబు: మీ తమ్ముడు చెప్పింది నిజమేనమ్మా. సీషెల్స్‌లో ఈ గూబ అక్కడి పక్షి కాదు, 1950 ప్రాంతంలో ఎలుకల్ని తింటుందని ఆఫ్రికా నుంచి తెచ్చి వదిలారు. అది ఎలుకల్ని తినకపోలేదు, కానీ పక్కనే అంతకన్నా సులువైన తిండి దొరికింది. అక్కడ తెల్లగా మెరిసే ఒక చిన్న సముద్రపు పక్షి ఉంది, గూడే కట్టదు, కొమ్మ మీద కాస్త పల్లంగా ఉన్నచోట ఒక్కటే గుడ్డు పెట్టి చీకట్లో దాని మీదే కూర్చుంటుంది. తరతరాలుగా రాత్రిపూట వేటాడే ఇలాంటి శత్రువును ఎరగని పక్షి, ఎగిరిపోవాలని దానికి తోచదు. అలా బాగా తగ్గిపోయాయి, అప్పుడు గూబ తలకి ఇంత అని డబ్బులు పెట్టారు.

మీకు ఇంకా దగ్గరి కథ హవాయి దీవులది. 1958లో అక్కడా చెరుకు తోటల్లో ఎలుకల కోసమే తెచ్చారు. ఇప్పుడవి బొరియల్లో పిల్లల్ని పెట్టుకునే సముద్రపు పక్షుల్ని పట్టుకుపోతున్నాయి.

గూబకి ఇది ఎలుక, ఇది పిట్ట అనే పట్టింపు లేదు. చీకట్లో చెవితో వింటుంది, మింగడానికి వీలైన సైజులో ఏది కదిలితే దాన్ని పడుతుంది. దూరపు సముద్ర దీవుల్లో చాలాచోట్ల మనుషులు ఓడల్లో మోసుకొచ్చేదాకా ఎలుకలే లేవు, కాబట్టి అక్కడి గూబ ఉన్నదాంతో సర్దుకుంటుంది. గాలాపగోస్‌లో ఎలుకలతో పాటు మిడతలు, కేప్ వెర్డేలో బల్లులు, సముద్రపు పక్షులు, కానరీ దీవుల్లో చిట్టెలుకలు, బల్లులు. అది తప్పు చేసిందని నేననుకోను, తెచ్చి వదిలినవాళ్లు అక్కడ ఇంకేం దొరుకుతాయో చూసుకోకపోవడమే తప్పు.

మన దగ్గర పొలం నిండా ఎలుకలే కదా. తిరుపతిలో మా వీధి చివర పాత బంగళా గోడ కింద బొటనవేలంత నల్లటి ఉండలు పడుంటే ఒకటి ఇంటికి తెచ్చి గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి గుండుసూదితో విప్పాను (గూబ మింగినదాంట్లో అరగని బొచ్చూ ఎముకలూ ఇలా ఉండగా కక్కేస్తుంది). లోపల మూడు ఎలుక పుర్రెలు, పసుపుపచ్చ కొరుకుడు పళ్లు చెక్కుచెదరలేదు, ఇంకో పొడుగుమూతి పుర్రె చుంచుది. పిట్ట ముక్కు ఒక్కటీ లేదు.

పెద్ద కోళ్లకి భయం లేదు. కోడిపిల్లల్ని మాత్రం పొద్దు గూకగానే గంప కింద మూయండి, అది గూబ కోసమే కాదు, పిల్లికీ పాముకీ కూడా. తోటలో ఎలుకల మందు పెట్టొద్దు, మందు తిని తూలే ఎలుకే గూబకి ముందు దొరుకుతుంది, దాన్ని పిల్లలకి పెడితే పిల్లలూ పోతాయి. గూబల్ని పట్టడం, చంపడం మన 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం కూడా. పిల్లలు పుట్టిన రెండు నెలలకి ఎగిరిపోతాయి, ఆ బుసలు తిండి కోసమే, అప్పటిదాకా అత్తమ్మని కాస్త ఓపిక పట్టమనండి. ఈలోగా కొట్టం కింద దొరికే ఉండ ఒకటి విప్పి ఆమె ముందు పెట్టండి, చెరుకు మొదళ్లు కొరికిన పళ్లేవో ఆమే గుర్తుపడుతుంది.