నెట్‌వర్క్ డబ్బిచ్చి పంపిస్తానంటే: షో హోస్ట్‌గా ఉన్న మేనకోడలికి లేఖ

చిరంజీవి అమ్మాయికి,

మామయ్య ఆశీస్సులు. షో ఆపేసి, మిగిలిన కాంట్రాక్టుకి ఎంతో కొంత ముట్టజెప్పి పంపిస్తామని నెట్‌వర్క్ వాళ్లు అన్నారని మీ అమ్మ చెప్పింది. ఇంకా సంతకం పెట్టలేదు కదా, మంచిది. లాస్ ఏంజెలెస్‌లో లాయర్లకేం కొదవ లేదు గానీ, వాళ్ల దగ్గరికి వెళ్లేముందు నీకు తెలిసుండాల్సినవి కొన్ని ఉన్నాయి.

అన్నిటికన్నా ముందు, మానేస్తానన్న మాట నీ నోటి నుంచి గానీ నీ ఫోన్ నుంచి గానీ రాకూడదు. షూటింగ్ పెట్టిన ప్రతి రోజూ వెళ్లు. 2010 జనవరిలో అమెరికాలో ఎన్‌బీసీ నెట్‌వర్క్ ‘టునైట్ షో’ హోస్ట్ కానన్ ఓబ్రయన్ చేసింది ఇదే. ‘టునైట్ షో’ని రాత్రి 11:35 నుంచి 12:05కి జరుపుతామని ఎన్‌బీసీ అంటే, దానికి తాను ఒప్పుకోనని 12వ తేదీన ప్రకటన ఇచ్చాడు. రాజీనామా ఊసెత్తలేదు. 22న చివరి ఎపిసోడ్ దాకా షో నడిపాడు. తొందరపడి మానేసి ఉంటే ఒప్పందం తప్పినవాడు తనే అయ్యేవాడు. బేరం సుమారు 4.5 కోట్ల డాలర్లకి తెగింది. అందులో అతనికి దాదాపు 3.3 కోట్లు, మిగతాది సిబ్బందికి అని అప్పటి వార్తలు. సిబ్బంది వాటాని అతను పట్టుబట్టి విడిగా అడిగాడు. నీ రైటర్లు, ప్రొడ్యూసర్ల సంగతి కూడా మొదటి వారంలోనే అడుగు. నీ అంకె ఖాయమయ్యాక అడిగితే ఎవరూ వినరు.

ఇప్పుడు కాంట్రాక్టు, దానికి తర్వాత చేసిన సవరణలు అన్నీ ముందేసుకో. ‘పే ఆర్ ప్లే’ క్లాజు ఉందా? ఉంటే నిన్ను తెర మీద చూపించకపోయినా గ్యారంటీ ఉన్న కాలానికి డబ్బు కట్టాల్సిందే. ప్రసార సమయం రాసి ఉందా? కానన్ కాంట్రాక్టులో షో పేరు ఉంది కానీ సమయానికి రక్షణ లేదని అప్పట్లో రాశారు. అతని లాయర్ల చేయి కొంత బలహీనపడింది అక్కడే.

అసలు మోసపోయేది ఆఫ్‌సెట్ దగ్గర, అంటే నువ్వు వేరే చోట సంపాదించినంతా వాళ్లు ఇవ్వాల్సిన దాంట్లోంచి తగ్గించుకునే షరతు. వారానికి 20,000 డాలర్లు, ఇంకా 78 వారాలు మిగిలాయనుకో. మొత్తం 15,60,000. ఆఫ్‌సెట్ ఉంటే, నువ్వు మర్నాడే వారానికి 12,000కి వేరే చోట చేరితే నెట్‌వర్క్ ఇచ్చేది వారానికి 8,000 మాత్రమే, అంటే 6,24,000. అదే ఆఫ్‌సెట్ లేకుండా 10 లక్షలు ఒకేసారి ఇస్తామంటే, అది చూడ్డానికి చిన్నదైనా నీకు లాభమే. కొత్త పని దొరికే అవకాశం ఎంత ఉంటే ఆఫ్‌సెట్ తీసేయించడం అంత ముఖ్యం.

డబ్బు కన్నా తేదీల మీద ఎక్కువ పోట్లాడు. కానన్‌కి 2010 సెప్టెంబర్ 1 దాకా వేరే నెట్‌వర్క్‌లో షో నిషేధం. అయితే బేరాలాడటం మీద నిషేధం లేదు, స్టేజి మీద కూడా లేదు. అందుకే ఏప్రిల్ 12న టీబీఎస్ అనే కేబుల్ చానల్‌తో ఒప్పందం ప్రకటించాడు, అదే రోజు ఒరెగాన్‌లోని యూజీన్ ఊళ్లో స్టేజి టూర్ మొదలుపెట్టాడు. నవంబర్ 8న కొత్త షో. నీ కాగితంలో నాలుగు తేదీలు వేరువేరుగా ఉండాలి: ఎప్పటి నుంచి మాట్లాడొచ్చు, ఎప్పుడు సంతకం పెట్టొచ్చు, ఎప్పుడు ప్రకటించొచ్చు, ఎప్పుడు తెర మీదికి రావొచ్చు. పాడ్‌కాస్ట్, యూట్యూబ్, ఇంటర్వ్యూలు నిషేధం కిందికి రావని పేరుపేరునా రాయించు. ‘అన్ని మాధ్యమాలు’ అన్న రెండు ముక్కలు ఉంటే ఇంట్లో కూర్చోవాల్సిందే.

షోలో నువ్వు పెట్టిన ఐటమ్‌లు వాళ్లవే అనుకో. 1993లో ఎన్‌బీసీ హోస్ట్ డేవిడ్ లెటర్మన్ పోటీ నెట్‌వర్క్ సీబీఎస్‌కి వెళ్తుంటే, ‘టాప్ టెన్ లిస్ట్’ తమ సొత్తని ఎన్‌బీసీ అంది. అతను ‘లేట్ షో టాప్ టెన్’ అని పేరు మార్చి కొనసాగించాడు. నీ పేరు, నీ సోషల్ మీడియా ఖాతాలు మాత్రం నీవని రాయించు.

ఒకరినొకరు విమర్శించుకోకూడదనే షరతు ఇద్దరికీ ఉండాలి, గడువూ ఉండాలి. ఈ ఉద్యోగంలో నవ్వించడం ఉంది కాబట్టి జోకులకి మినహాయింపు అడుగు. ఇవ్వకపోవచ్చు, అయినా అడుగు.

పన్నులు: ఉద్యోగిగా ఇస్తే, ఏడాదిలో ఇలాంటి అదనపు చెల్లింపులు 10 లక్షల డాలర్లు దాటిన భాగం మీద ఫెడరల్ పన్ను 37 శాతం ముందే కోసేస్తారు. నువ్వు పెట్టుకున్న కంపెనీ పేరున ఇస్తే కోత ఉండదు, పన్ను నువ్వే చూసుకుని కట్టాలి. డబ్బు వాయిదాల్లో ఇస్తామంటే, ఆలస్యంగా అందే జీతం మీది పన్ను నిబంధన 409ఏ చూడమని అకౌంటెంట్‌కి చెప్పు. ఏజెంటు 10 శాతం ఈ డబ్బుకీ వర్తిస్తుందా అన్నది ముందే తేల్చుకో.

చివర్లో హక్కుల విడుదల పత్రం, అంటే ఇక వాళ్ల మీద దావా వేయనని రాసిచ్చేది, పెడతారు. కాలిఫోర్నియాలో అందులో 1542 సెక్షన్ వదులుకోలు ఉంటుంది, అంటే నీకింకా తెలియని క్లెయిములు కూడా పోతాయి. కాబట్టి నీ మీద ఉన్న క్లెయిములు వాళ్లు కూడా వదులుకోవాలి. రెసిడ్యువల్స్ (పాత ఎపిసోడ్లు మళ్లీ వేస్తే వచ్చే డబ్బు), గిల్డు అంటే మీ సంఘం ఇచ్చే పెన్షన్, హెల్త్ ఇన్సూరెన్స్ మినహాయించాలి. నీకు 40 దాటాయి కనుక ఆ పత్రం చదవడానికి 21 రోజులు, సంతకం పెట్టాక వెనక్కి తీసుకోవడానికి 7 రోజులు చట్టమే ఇస్తుంది. శుక్రవారం సాయంత్రంలోగా సంతకం కావాలంటే నవ్వి ఊరుకో. ఎన్‌బీసీ హోస్ట్ మెగిన్ కెల్లీ షో 2018 అక్టోబర్‌లో ఆగితే ఒప్పందం కుదిరింది 2019 జనవరిలో.

పత్రికా ప్రకటన మాటలు కూడా ఒప్పందానికి జత చేయించు, మొదటి చెల్లింపు ఖాతాలో పడ్డాకే అది విడుదలయ్యేలా చూడు. చిత్తుప్రతి రాగానే నాకూ ఒకటి పంపు.

మీ మామయ్య