గుడ్డ డైపర్లు వేస్తున్నా రాషెస్ ఎందుకు తగ్గడం లేదు?
ప్లాస్టిక్ డైపర్లు మానేసి గుడ్డవి వేస్తున్నా మీ ఐదు నెలల బాబుకు రాషెస్ తగ్గడం లేదని, ఏ క్రీమ్ మంచిదో చెప్పమని అడిగారు. క్రీమ్ సంగతి తర్వాత. ముందు మీ ఇంటికి ఏ నీళ్లొస్తాయో చెప్పమ్మా.

మాది నిజాంపేట. బోరు నీళ్లు, ఎండాకాలం వస్తే ట్యాంకర్. బకెట్ అంచున తెల్లగా గార కట్టే రకం. మా అమ్మాయి పురిటికి వచ్చినప్పుడు మనవరాలికి పిర్రలు, తొడలు కందిపోయి, తడి గుడ్డ తగిలితే చాలు కెవ్వుమనేది. వచ్చినవాళ్లందరూ తలో సలహా. నేను ఉతికి మడతపెట్టిన ఇన్సర్ట్ (డైపర్ లోపల తడి పీల్చడానికి పెట్టే గుడ్డ మడత) ఒకటి తీసి, మంచినీళ్ల బకెట్లో ముంచి పిసికాను. వేళ్ల సందుల్లోంచి నురుగు! "ఉతికిందేనమ్మా అది" అంటుంది మా అమ్మాయి. ఉతికిందే, జాడించింది కాదు. ఉప్పు నీళ్లలో నురుగు రాదని పౌడర్ ఇంకో చెంచా వేస్తాం, అది గుడ్డలోనే ఉండిపోతుంది. పాప ఉచ్చ పోయగానే కరిగి ఒంటికి పడుతుంది. వాసనకని పోసే కండిషనర్ మరీ దండగ, దాని జిడ్డుకి గుడ్డ తడి పీల్చడమే మానేస్తుంది.

పౌడర్ సగానికి తగ్గించి, వేడినీళ్లలో ఉతికి, నురుగు పోయేదాకా జాడించాం. ఆఖరి జాడింపు మాత్రం బోరు నీళ్లతో కాదు, తాగడానికి వచ్చే నల్లా నీళ్లతో. తర్వాత మంచి ఎండ. ఆ ఎండ కోసం అసోసియేషన్ వాళ్లతో ఎంత గొడవో! బాల్కనీలో బట్టలు కనిపిస్తే బిల్డింగ్ అందం పోతుందట. పసిపిల్లలున్న ఇంట్లో గుడ్డలు కాక తోరణాలు కడతామా?

గుడ్డ డైపర్‌లో తడిని లాగి దాచే జెల్ ఉండదు. రెండు గంటలకోసారి మార్చాలి, దొడ్డికెళ్తే ఆ క్షణమే. ఉత్త నీళ్లతో కడిగి, రుద్దకుండా అద్ది, కాసేపు గాలికి వదిలేయండి. జింక్ ఆక్సైడ్ క్రీమ్ మందంగా రాసి, మధ్యలో పల్చటి నూలుగుడ్డ వేస్తే డైపర్‌కు అంటదు. టాల్కమ్ పౌడర్ మాత్రం వద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

తొడల మడతల్లో బాగా ఎర్రగా ఉండి, చుట్టూ చిన్న చిన్న చుక్కలు లేస్తే అది ఫంగస్, జింక్‌తో పోదు. అలా ఉన్నా, రెండు మూడు రోజుల్లో తగ్గకపోయినా పిల్లల డాక్టర్‌కు చూపించండి. చీము, బొబ్బలు, జ్వరం ఉంటే ఆ రోజే. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకోకండి. మా సందు చివరి షాపులో అయితే దురదకూ తామరకూ పసిపిల్లలకూ ఒకటే ట్యూబ్ చేతిలో పెడతాడు. దాని మీద క్లోబెటాసాల్ అనో బెటామెథాసోన్ అనో ఉంటే అది స్టెరాయిడ్. డైపర్ కింద మూసి ఉన్న చర్మం దాన్ని ఇంకా ఎక్కువ పీల్చుకుంటుంది, పల్చబడిపోతుంది. డాక్టర్ రాయకుండా ముట్టుకోకండి.